వేసవి సెలవులు నాటకశాలలో గడిపితే తప్పేమిటి?

ఇందుకూరుపేట మండలం అనగానే నెల్లూరు జిల్లావాళ్లకైనా ముందు గుర్తొచ్చేది మైపాడు తీరం, ఆ తర్వాత రొయ్యల గుంటలు. నాటకం ఎవరికీ గుర్తురాదు. అయితే ఈ మండలంలోని జగదేవిపేటలోనే 1921లో తిక్కవరపు వెంకట రమణారెడ్డి పుట్టారు. ‘మాయాబజార్’లో చినమయ్య, ‘గుండమ్మ కథ’లో గంటయ్య ఆయనే. సినిమాల్లోకి రాకముందు శానిటరీ ఇన్‌స్పెక్టరుగా ఉద్యోగం చేసుకుంటూ నాటకాలాడారు. 1921లోనే, 2022 దాకా నెల్లూరు జిల్లాలో ఉన్న సూళ్లూరుపేట ప్రాంతంలో, మంగళంపాడులో ఆత్రేయ పుట్టారు. ‘ఎన్జీఓ’, ‘కప్పలు’ లాంటి నాటకాలు రాసిన తర్వాతే ఆయన పాటల రచయితగా ఇంటింటికీ తెలిశారు. వీళ్లిద్దరూ నాటకాన్ని ఏ బడిలోనూ చదువుకోలేదు. చూసి నేర్చుకున్నారు, ఆడుతూ నేర్చుకున్నారు. ఇప్పుడు ఇదే తీరం నుంచి పిల్లలు డల్లాస్‌కూ మెల్‌బోర్న్‌కూ చదువులకు వెళ్తున్నారు. 2023–24లో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. అందులో మన రెండు రాష్ట్రాల పిల్లలు ఎంతమందో ఊళ్లలో ఏ వీధికి వెళ్లి అడిగినా తెలుస్తుంది. ఆ పిల్లలకు వేసవిలో రెండు మూడు నెలలు సెలవులొస్తాయి. సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఇంటర్న్‌షిప్ అంటే ఇంట్లో పండగే. పెట్రోలు బంకులో గంటల లెక్కన పని అంటే అప్పు వడ్డీకి సరిపోతుందని సరిపెట్టుకుంటారు. నాటకశాలలో ఇంటర్న్‌షిప్ అంటే మాత్రం ‘అందుకా నిన్ను అంత దూరం పంపింది?’ అనే మాట వస్తుంది. ఆ మాట తప్పని నా వాదన. అది పిల్లల సరదాను సమర్థించడం కోసం చేస్తున్న వాదన కాదు. తెలుగు నాటకానికి ఇవాళ దేనికి కరువుందో చూసి చేస్తున్నది.

ముందు ఆ ఇంటర్న్‌షిప్ అంటే ఏమిటో చూడాలి, ఎందుకంటే నాటకం అనగానే మనకు కనిపించేది నటుడొక్కడే. అమెరికాలో చిన్న పట్టణాల్లో వేసవి నాటకశాలల సంప్రదాయం పాతది. జూన్ నుంచి ఆగస్టు దాకా ఒకదాని వెంట ఒకటి నాటకాలు వేస్తారు. ఒక నాటకం రాత్రి ఆడుతుంటే పగలు రెండోదానికి రిహార్సల్, వెనక షెడ్డులో మూడోదానికి చెక్కపని. స్కాట్లండులోని ఎడిన్‌బరోలో 1947 నుంచి ప్రతి ఆగస్టూ ఊరు ఊరంతా నాటకశాలే అవుతుంది. అక్కడ వేసవి కుర్రవాడికి దక్కేది ముఖ్యపాత్ర కాదు. నిచ్చెనెక్కి లైట్లు బిగించడం, సెట్టుకు రంగు వేయడం, దుస్తులు ఇస్త్రీ చేసి వరసలో పెట్టడం, టికెట్లు చింపడం. కాస్త నమ్మకం కుదిరాక స్టేజ్ మేనేజర్ పక్కన కూర్చుని పుస్తకం చూడనిస్తారు. ఆ పుస్తకంలో నాటకం మొత్తం ఉంటుంది: ఏ మాట దగ్గర ఏ లైటు మారాలి, ఎవరు ఎటు నుంచి రావాలి, ఏ వస్తువు ఏ బల్లమీద సిద్ధంగా ఉండాలి. దర్శకుడు ఊళ్లో లేకపోయినా నాటకం మొదటిరోజు ఎలా ఆడిందో నలభయ్యో రోజూ అలాగే ఆడేది ఆ పుస్తకం వల్లే. ఈ పని నేర్చుకోవడానికి మంచి గొంతు అక్కర్లేదు, అందం అక్కర్లేదు, ఇంగ్లీషు యాస కూడా పెద్దగా అక్కర్లేదు. సమయానికి రావడం, చెప్పింది రాసుకోవడం, చేతులు మురికి చేసుకోవడం తెలిస్తే చాలు.

సరిగ్గా ఇదే మన దగ్గర లేనిది. తెలుగు నాటకానికి నటుల కొరత ఎన్నడూ లేదు, రచయితల కొరతా లేదు. మన ఆధునిక నాటకాన్ని నిలబెట్టింది వేరే జీవనాధారం ఉన్నవాళ్లు. నటుడు బళ్లారి రాఘవ వకీలు. ‘ప్రతాపరుద్రీయం’లో పాత్రకు తగిన భాషను రంగం మీదికి తెచ్చిన వేదం వేంకటరాయశాస్త్రి పండితుడు, అధ్యాపకుడు. ఆయన నెల్లూరులోనే ఆంధ్ర భాషాభిమాని సమాజాన్ని స్థాపించి నాటకాలు ఆడించారు. తర్వాతి తరాల్లో బ్యాంకు గుమస్తాలు, బడిపంతుళ్లు, రైల్వే ఉద్యోగులు. వీళ్లంతా సాయంత్రాలు మిగుల్చుకుని నాటకాన్ని బతికించారు. ఆ సాయంత్రాలు సంభాషణలు కంఠస్థం చేయడానికే చాలేవి కావు, ఇక తెరవెనక పని ఎవరు చూస్తారు? అది కిరాయికి వెళ్లింది. ఏ నాటక పరిషత్తు పోటీకైనా వెళ్లి చూడండి. ఒక రాత్రి మూడు నాలుగు నాటికలు. సెట్టు ఒక కాంట్రాక్టరుది, లైట్లు ఇంకొకరివి, పైనుంచి వేలాడే మైకులు మరొకరివి. లైటు మీటల దగ్గర కూర్చున్న మనిషి స్క్రిప్టు చదివి ఉండడు. చదవాలని అతన్ని అడిగినవాళ్లూ ఉండరు. నటుడు కళ్లలో నీళ్లు తెచ్చుకునే వేళకు వెలుగు అతని భుజం మీద ఉంటుంది. మైకు ఎక్కడుందో చూసుకుని నటులు అక్కడికి నడిచి వచ్చి మాట్లాడటం మనకు ఎంత అలవాటయిందంటే అదే మన అభినయ పద్ధతేమో అన్నట్టు చెల్లిపోతోంది. ఇందులో ఎవరి తప్పూ లేదు. డబ్బుల్లేని చోట, రిహార్సల్‌కు హాలు దొరకని చోట ఇంతకంటే ఎక్కువ ఆశించలేం. కానీ టికెట్టు కొని వచ్చే ప్రేక్షకుడు నాటకానికి ఎందుకు దూరమయ్యాడని సభల్లో బాధపడేటప్పుడు సినిమానూ టీవీనీ తిట్టడంతో సరిపెట్టుకుంటున్నాం. చూడ్డానికి, వినడానికి నాటకం ఎలా ఉంటోందన్న ప్రశ్న ఎవరూ వేయడం లేదు.

దీనికి ఒక మినహాయింపు ఉంది, అది చిన్న మినహాయింపు కాదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలైన సురభి కుటుంబాల్లో పిల్లలు తెర లాగడం, పరదాల మీద బొమ్మలు వేయడం, తీగలతో మనిషిని గాలిలోకి లేపడం నడక నేర్చుకున్నట్టు నేర్చుకుంటారు. మంత్రాలతో బాణాలు ఢీకొట్టే దృశ్యం వెనక కప్పీలూ తాళ్లూ పట్టుకుని ఎవరు నిలబడ్డారో వాళ్లకు తెలుసు, ఎప్పుడు వదలాలో చేతులకే తెలుసు. 2013లో ఫ్రాన్సులోని మెట్జ్ నగరంలో వాళ్ల నాటకాలు చూసినవాళ్లకు తెలుగు రాదు. ఆ రంగస్థల విద్యకు భాషతో పనిలేదు. కాకపోతే సురభిలో శిక్షణ రక్తసంబంధం వెంటే నడిచింది. ఆ కుటుంబంలో పుట్టనివాళ్లకు తెరవెనక పనిని మొదటినుంచి చివరిదాకా నేర్పే చోటు తెలుగునేల మీద దాదాపు లేదు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో, ఆంధ్రా యూనివర్సిటీలో నాటక విభాగాలున్నాయి. అవి చదువు చెబుతాయి. రోజూ ఆడే నాటకశాల వాటి పక్కన లేదు. వైద్య కళాశాల ఉండి ఆసుపత్రి లేకపోతే ఎలా ఉంటుందో అలా ఉంది మన పరిస్థితి. విదేశంలో ఒక వేసవి ఇవ్వగలిగింది ఆ రోజువారీ నాటకశాల అనుభవాన్నే. అందుకే ఇది నెల్లూరులో పది రోజుల శిక్షణ శిబిరం పెడితే తీరే అవసరం కాదు. శిబిరాలు మంచివే, పెట్టాలి. వాటిలో పది పాఠాలు నేర్పవచ్చు. వారానికి ఎనిమిది ప్రదర్శనలు ఆడే ఇంట్లో ఐదో ప్రదర్శన రోజున తలుపు గడియ విరిగితే ఏం చేయాలో మాత్రం నేర్పలేం.

పరాయి నాటకం మనకెందుకు, మన పద్యనాటకం మనకుంది కదా అనేవాళ్లున్నారు. ఈ మాటలో అభిమానముంది, చరిత్ర మాత్రం లేదు. 1880లో ధార్వాడ నాటక సమాజం రాజమండ్రి వచ్చి ఆడి వెళ్లాక, వాళ్లు వదిలిన పాకలోనే కందుకూరి వీరేశలింగం తన నాటకాలు వేయించారు. పార్శీ కంపెనీల తెరలూ బాణీలూ చూసి మన కంపెనీలు తయారయ్యాయి. మనం ఇవాళ అచ్చతెలుగు సంప్రదాయం అనుకునే పద్యనాటకపు హార్మోనియం కూడా ఐరోపా నుంచి వచ్చిన వాద్యమే. రాఘవ 1920ల చివర్లో ఇంగ్లండు వెళ్లి నాటకకర్త బెర్నార్డ్ షాను కలిశారు. ఇక్కడ ఆయన స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని పట్టుబట్టినప్పుడు ఎన్ని మాటలు పడ్డారో తెలిసిందే. 1990లలో కన్నడ దర్శకుడు బి.వి.కారంత్ వచ్చి సురభితో పనిచేసి, జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ నాటకాన్ని ‘బస్తీ దేవత యాదమ్మ’గా వాళ్ల చేత ఆడించారు. దానివల్ల సురభి సురభి కాకుండా పోలేదు. ఇంత దూరం ఎందుకు, ఇందుకూరుపేట గట్ల మీదే చూడండి. తెల్లమచ్చ తెగులు టైగర్ రొయ్యను దెబ్బతీశాక 2009లో పసిఫిక్ తీరపు వనామీకి అనుమతి వచ్చింది. ఆ సాగుకు కావాల్సిన మెళకువలన్నీ నేర్చుకోవడానికి ఇక్కడి రైతు ఎవరి సంస్కృతినీ అడ్డుపెట్టుకోలేదు. పని నేర్చుకోవడంలో పరాయితనం చూడనివాళ్లం, ఒక్క కళ దగ్గరే ఎందుకు ముడుచుకుపోతాం? ఇలా ముడుచుకుంటే ఏమవుతుందో 2012లో తెలిసింది. లండన్‌లోని షేక్‌స్పియర్ గ్లోబ్ నాటకశాల ఆ ఏడాది 37 నాటకాలను 37 భాషల బృందాలతో ఆడించింది. హిందీ ఉంది, గుజరాతీ ఉంది, ఢాకా బృందంతో బెంగాలీ, పాకిస్తాన్ బృందంతో ఉర్దూ ఉన్నాయి. తెలుగు లేదు. మనల్ని ఎవరో కావాలని వదిలేశారనడం తేలిక. అలాంటి వేదిక మీద రెండున్నర గంటలు నిలబెట్టగల బృందం పేరు ఎవరినైనా అడిగితే సురభి తర్వాత ఎంతసేపు ఆలోచిస్తారో చూడండి.

ఇంతకంటే గట్టి అభ్యంతరం అన్నం గురించి. ఇల్లు తాకట్టు పెట్టో, రెండెకరాలు అమ్మో బిడ్డను పంపిన తండ్రికి రంగస్థల కళ గురించి ఉపన్యాసం చెప్పడం అన్యాయం. కొందరు నాటకాభిమానులు దీనికి ఒక జవాబు తయారుచేసి పెట్టుకున్నారు. నాటకం ఆడితే బెరుకు పోతుంది, నలుగురిలో మాట్లాడటం వస్తుంది, ఉద్యోగపు ఇంటర్వ్యూలో పనికొస్తుంది అని. నాకు ఈ జవాబు నచ్చదు. ఇంటర్వ్యూ కోసమే అయితే దానికి వేరే కోచింగులున్నాయి, నాటకశాల దాకా పోనక్కర్లేదు. కళను దానికోసం కాకుండా ఇంకోదానికోసం సమర్థించడం మొదలుపెడితే ఆ ఇంకోటి మరోచోట చవగ్గా దొరికిన రోజున కళకు చోటుండదు. నిజమైన జవాబు తెరవెనక పని చేతిపని అన్నది. లైటు వేయడం, ధ్వని అమర్చడం, బరువులు వేలాడదీయడం, ఒక పెద్ద ప్రదర్శనను నిమిషాల లెక్కన నడపడం తెలిసినవాళ్లకు నాటకం బయటా పని ఉంది. సినిమా సెట్ల మీద, టీవీ స్టూడియోల్లో, సంగీత సభల్లో, ఇవాళ పెళ్లిళ్లలో కూడా. నటుడి జీవితం జూదమే కావచ్చు, లైటింగ్ తెలిసినవాడిది కాదు. పైగా నేనడుగుతున్నది చదువు మానమని కాదు, ఒక్క వేసవి. కంప్యూటర్ సైన్సు చదివే పిల్ల ఒక వేసవి లైటింగ్ బోర్డు దగ్గర గడిపితే ఆమె డిగ్రీ ఎక్కడికీ పోదు.

వీసా సంగతి ఇంకా చిక్కు, ఇక్కడ ఉత్సాహంతో పొరపాటు చేస్తే తిరుగు టపాలో ఇంటికి రావాల్సి ఉంటుంది. అమెరికాలో ఎఫ్-1 వీసా మీద ఉన్న విద్యార్థి క్యాంపస్ బయట పనిచేయాలంటే సాధారణంగా సీపీటీ (కరిక్యులర్ ప్రాక్టికల్ ట్రైనింగ్) కింద అనుమతి కావాలి. ఆ పని అతని కోర్సులో భాగమై ఉండాలి. ఇంజనీరింగు విద్యార్థికి నాటకశాలలో సీపీటీ రాదు. జీతం లేని పని కదా, అనుమతి అక్కర్లేదులే అనుకోవడం మరీ ప్రమాదం. హెచ్-4 మీద తల్లిదండ్రులతో ఉంటున్న పిల్లలు జీతం తీసుకోకూడదు. బ్రిటన్‌లో విద్యార్థి వీసా వినోద ప్రదర్శకుడిగా పనిచేయడాన్నే నిషేధిస్తుంది, కాబట్టి అక్కడ దారి ఇంకా ఇరుకు. ఆస్ట్రేలియాలో చదువు జరిగే రోజుల్లో పక్షానికి 48 గంటల హద్దుంది, సెలవుల్లో ఆ హద్దు లేదు. ఇవన్నీ చదివి చాలామంది అక్కడితో వదిలేస్తారు. అమెరికాలోనే ఒక తలుపు తెరిచి ఉందన్నది ఎవరూ చెప్పరు. ఎఫ్-1 విద్యార్థి తాను చదివే క్యాంపస్‌లోనే చదువు రోజుల్లో వారానికి 20 గంటలు, సెలవుల్లో పూర్తికాలం పనిచేయవచ్చు. దానికి కోర్సుతో సంబంధం అక్కర్లేదు. చాలా విశ్వవిద్యాలయాలకు సొంత నాటకశాలలున్నాయి, వాటికి సెట్లు కట్టే షెడ్డులున్నాయి, విద్యార్థులను గంటల లెక్కన పెట్టుకుంటాయి. క్యాంపస్ క్యాంటీన్లో గిన్నెలు కడగడానికి వరసలో నిలబడే మన పిల్లలకు ఆ షెడ్డు తలుపు ఎటువైపుందో తెలియదు. జీతం అటూ ఇటూగా ఒకటే. విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే కార్యాలయంలో ఒక్కసారి అడిగి తెలుసుకుని మొదలుపెట్టాలి, అంతే.

అమెరికాలో పుట్టినవాళ్లకు, గ్రీన్ కార్డున్నవాళ్లకు వీసా అడ్డు లేదు. వాళ్లకు అడ్డు డబ్బు. వేసవి నాటకశాలల వ్యవస్థలో ఉన్న పెద్ద మచ్చ ఇదే, దీన్ని దాచిపెట్టి ఇంటర్న్‌షిప్‌ను పొగడటం మోసం. చాలాచోట్ల జీతం నామమాత్రం, కొన్నిచోట్ల అదీ లేదు. మసాచుసెట్స్‌లోని పేరున్న విలియమ్స్‌టౌన్ నాటకోత్సవంలో అప్రెంటిసులు ఎదురు ఫీజు కట్టి పనిచేసిన రోజులున్నాయి. అక్కడి పని గంటల గురించీ భద్రతా లోపాల గురించీ 2021లో లాస్ ఏంజెలెస్ టైమ్స్ రాశాక అమెరికా నాటకరంగమంతా తన అలవాట్లను తిరిగి చూసుకోవలసి వచ్చింది. జీతం లేని శిక్షణ అంటే అర్థం, తల్లిదండ్రుల దగ్గర డబ్బున్నవాళ్లకే కళ అని. ట్రక్కు నడిపే తెలుగువాడి కూతురికి, దుకాణంలో పనిచేసే తల్లి కొడుక్కి ఆ వేసవి అందదు. అందుకే ఆ వేసవి ఖర్చు అక్కడి మన తెలుగు సంఘాలు పెట్టుకోవాలంటాను. 1977లో న్యూయార్కులో మొదటి సభ జరుపుకున్న తానా దగ్గర్నుంచి ఆటా, నాట్స్ దాకా అమెరికాలో తెలుగు సంఘాలకు లోటు లేదు. రెండేళ్లకోసారి జరిగే మహాసభల్లో సినిమా తారల కోసం కట్టే వేదిక, లైట్లు, విమానం టికెట్ల ఖర్చులో ఒక చిన్న తునక తీసి పది మంది పిల్లలకు వేసవి భృతి ఇవ్వవచ్చు. ఇది కొత్త ఆలోచనేం కాదు. ఇందుకూరుపేట మండలంలోనే పల్లిపాడులో గాంధీ 1921 ఏప్రిల్ 7న ప్రారంభించిన పినాకిని సత్యాగ్రహ ఆశ్రమానికి ఊరి నేల పొణకా కనకమ్మ ఇస్తే, భవనానికి డబ్బు దక్షిణాఫ్రికాలో ఉన్న పార్శీ రుస్తుంజీ ఇచ్చారు. మన కాలంలో అప్పాజోస్యుల సత్యనారాయణ అమెరికా నుంచి అజో-విభొ-కందాళం ఫౌండేషన్ నడుపుతూ ఇక్కడ ఏటా నాటకోత్సవాలు జరిపిస్తూ వచ్చారు. ఒక కుటుంబం పూనుకుంటే జరిగింది, వేలమంది సభ్యులున్న సంఘాలు పూనుకుంటే జరగదా?

భృతి తీసుకున్నవాళ్లు తిరిగి రారు, మన డబ్బుతో న్యూజెర్సీ నాటకశాలకు పనివాళ్లను తయారుచేసినట్టవుతుంది అని ఒక అనుమానం ఉంది. రానివ్వండి, రాకపోనివ్వండి. న్యూజెర్సీలోనూ తెలుగు నాటకాలు ఆడుతున్నారు, అక్కడి మైకులూ వేలాడుతూనే ఉన్నాయి. భృతికి ఒక షరతు మాత్రం ఉండాలి. వేసవి అయ్యాక పదిహేను రోజులు ఇక్కడికి వచ్చి, నెల్లూరు పురమందిరం లాంటి ఒక హాలులో స్థానిక బృందంతో ఒక నాటిక పూర్తి చేయాలి. ప్రసంగాలు, శాలువాలు వద్దు. లైట్ల పట్టిక రాయడం, స్టేజ్ మేనేజర్ పుస్తకం తెలుగులో తయారుచేయడం, ఆ పుస్తకాన్ని ఆ బృందానికి వదిలి వెళ్లడం. వచ్చినవాళ్లు ఓ వారం హైదరాబాదులో సురభి వాళ్ల దగ్గర గడిపితే ఇంకా మంచిది, అక్కడ నేర్పడం కంటే నేర్చుకోవలసిందే వాళ్లకు ఎక్కువ దొరుకుతుంది. ఆ మాటకొస్తే, విదేశంలో పెరిగే పిల్లలకు సురభి దగ్గరే పూర్తి వేసవి శిక్షణ ఏర్పాటు చేయవచ్చు. దానికి సురభి కుటుంబాలకు గురువులకిచ్చే మర్యాదతో గురువులకిచ్చే జీతం కూడా ఇవ్వాలి, ఉత్త సన్మానపత్రం కాదు.

ఆడపిల్లలను అర్ధరాత్రి దాకా నాటకశాలలో ఎలా వదులుతామని తల్లులు అడుగుతారు. అడగాల్సిందే. ఏ నాటకశాల బస ఇస్తుంది, రాత్రి ఎవరు దింపుతారు, ఫిర్యాదు ఎవరికి చేయాలి అన్నది సంఘం ముందే రాతపూర్వకంగా తెలుసుకుని, తెలియజెప్పని చోటికి ఎవరినీ పంపకూడదు. గిడ్డంగిలో రాత్రి షిఫ్టుకు ఇవే ప్రశ్నలు అడగడం లేదన్నది కూడా ఆ తల్లులు గమనించాలి.

అమెరికా వేసవి నాటకశాలలు దరఖాస్తులు చలికాలంలోనే తీసుకుంటాయి. మార్చి దాటితే మిగిలేవి ఎవరూ కోరని ఖాళీలు. వచ్చే వేసవికి పిల్లలను పంపాలంటే సంఘాల ప్రకటన దీపావళి నాటికే రావాలి, ఎంపిక సంక్రాంతిలోగా పూర్తవాలి. సంఘాల కార్యవర్గాలు బడ్జెట్లు రాసుకునేటప్పుడు ఈ పద్దుకూ ఒక వరస కేటాయించాలి.